కార్టన్లలో వచ్చిన కారు

పోయిన నెలలో ఒకాయన దినాలకు వెళ్ళి భోంచేసి వచ్చాను. సొంత బాబాయి కాదు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒకే రూములో ఉన్నాం. పైమంచం నాది, కింది మంచం ఆయనది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, పైగా పక్క ఊరివాడు, అందుకని కాక అనేవాణ్ణి. జగిత్యాల అవతల వాళ్ళ ఊళ్ళో టెంటు కింద బంతికి కూర్చున్నవాళ్ళంతా ఆయన్ను ఆకాశానికెత్తారు. పట్టుదల గల మనిషి అన్నారు. అనుకున్నది చేసేదాకా నిద్రపోడన్నారు. సముద్రం అవతలి నుంచి కారునే పట్టుకొచ్చిన మొనగాడన్నారు. నేను తల వంచుకుని విస్తట్లో ఉన్నది తిన్నాను. పోయినవాళ్ళను ఏమీ అనకూడదని మా అవ్వ అంటుంది. మా అవ్వ ఆయన కార్టన్ ఎప్పుడూ మోయలేదు.

ముందు ఆ కారు సంగతి. కువైట్‌లో ఆయన ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లల్ని బడికి దింపడానికి, ఆడవాళ్ళను బజారుకు తిప్పడానికి ఒక పొడుగాటి సెడాన్ ఉండేది. ముక్కు మీద అమెరికా కంపెనీ గుర్తు. బానెట్ ఎత్తితే మాత్రం లోపల ఒక చిన్న రేకు మీద ఆస్ట్రేలియాలో తయారైనట్టు రాసి ఉండేది. ఆ రేకును ఆయన కనిపించిన ప్రతివాడికీ చూపించాడు.

‘‘పేరు అమెరికాదిర, పుట్టుక ఆస్ట్రేలియాది. ఆడ ఇంటికొకటి ఉంటదట గిసొంటిది. ఫ్యామిలీ కారు. ఆరు సిలిండర్లు. ఆలు, పిలగాండ్లు, అత్త, మామ అందరు కూసొని పోతరు’’ అనేవాడు.

ఎవరు చెప్పారు కాకా అంటే ఎవరో చెప్పారనేవాడు. ఆస్ట్రేలియా ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే శ్రీలంక మీద వేలు పెట్టిన మనిషి ఆయన.

కొన్నేళ్ళకు అరబ్బు కొత్త బండి కొనుక్కుని ఈ పాతదాన్ని ఆయనకే చౌకగా ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆయనతో వేగడం కష్టమైపోయింది. మేం ఎనిమిదిమంది ఒకే గదిలో, ఒకే బాత్రూముకు వరస కట్టి బతుకుతున్నాం. ఆయన కారుకు మాత్రం నీడ కావాలి, గుడ్డ కావాలి, వారానికోసారి తలంటు కావాలి. శుక్రవారం సెలవు రోజున మేం కూర వండుకుని ఇంటికి ఫోన్లు చేసుకుంటుంటే ఆయన కారు కింద పడుకుని ఉండేవాడు. ఒక వారం ఎర్ర లైట్లు, ఒక వారం రెండో హారను. ఒకసారి వెనక డిక్కీ మీద రెక్క బిగించాడు. సీట్లకు వెల్వెట్ తొడిగి అంచుకు కుచ్చులు కుట్టించాడు. వెనక అద్దం మీద తెలుగులో తన ఊరిపేరు అతికించాడు. ఆ దేశంలో అది చదివేది మనవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత వెనక కిటికీలకు పరదాలు పెట్టాడు.

‘‘గివెందుకు కాకా?’’ అన్నాను.

‘‘మీ చిన్నమ్మ కూసున్నప్పుడు ఎవలు చూడద్దు గదరా’’ అన్నాడు.

ఆయన భార్యను నేను చిన్నమ్మ అంటాను. ఆయన ఈ మాట అనేనాటికి చిన్నమ్మ ఇక్కడ మోకాటిలోతు బురదలో వరి కలుపు తీస్తోంది. ఆమెను చూడకుండా ఎవరూ పరదా వేయలేదు.

మమ్మల్ని ఆ కారు ఎక్కనిచ్చేవాడు కాదు. తప్పనిసరై ఎక్కిస్తే కాళ్ళ కింద పేపరు పరిచేవాడు, తలకు నూనె పెట్టుకున్నవాణ్ణి వెనక్కి ఆనవద్దనేవాడు. ‘‘ఫ్యామిలీ కారుర గిది, కూలి బండి కాదు’’ అనేవాడు. అది కువైట్‌లో తిరిగినన్నాళ్ళూ ఆ ఫ్యామిలీ కారులో కూర్చున్న ఆయన ఫ్యామిలీ లెక్క సున్నా. శుక్రవారం సాయంత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్కడే ఎక్కి సముద్రం ఒడ్డు దాకా వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చేవాడు. దిగేముందు ఇంజను ఆపకుండా తల ఒక పక్కకు వంచి చూపుడువేలు లేపేవాడు. మాట్లాడుతున్నవాడు ఆగిపోవాలి. ‘‘ఇను’’ అనేవాడు. ఏం వినాలో మాకు తెలిసేది కాదు. నిమిషం తర్వాత బానెట్‌ను అరచేత్తో రెండుసార్లు తట్టి, ‘‘సాలు, పండుకో’’ అని ఆపేసేవాడు. సొంత బిడ్డనైనా అంత ప్రేమగా జోకొట్టాడో లేదో నాకు అనుమానమే.

పెళ్ళైన కొత్తలో చిన్నమ్మను ఆమె పుట్టిల్లు ఆసిఫాబాద్ నుంచి బస్సులో తీసుకొచ్చాడట. సీటు దొరకలేదు. దారంతా ఆమె నిలబడే వచ్చింది, వాంతులు చేసుకుంది, ఎవరో నవ్వారు. ఈసారి మీ ఇంటికి నా సొంత కారులోనే తీసుకుపోతా అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడట. ఆమె అడగలేదు. ఆమె అడగనివన్నీ ఆయన చేస్తూ పోయాడు, అడిగినదొక్కటే చేయలేదు. అడిగిందల్లా ఇంటికి రమ్మనే.

‘‘వస్త. కారుతోని వస్త’’ అనేవాడు ఫోనులో.

కారును ఓడలో పంపిద్దామని కార్గో ఆఫీసుకు వెళ్తే, అంత పాత బండిని, అదీ అరబ్బు దేశపు బండిని ఇండియాలోకి రానివ్వరని చెప్పారు. ఇంకొకడైతే దాన్ని అమ్ముకుని విమానం ఎక్కేవాడు. ఈయన రూముకు వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు పానా తీశాడు.

ఇక్కడ కార్టన్ గురించి చెప్పకపోతే మీకు అర్థం కాదు. గల్ఫ్‌లో ఎవడికి ఛుట్టీ దొరికి ఇంటికి బయలుదేరినా రూములో అది అందరి పండుగే. వెళ్ళేవాడి అట్టపెట్టెలో తలా ఒకటి పెడతారు. ఒకడు బిడ్డకు బొమ్మ, ఒకడు బాపుకు మోకాళ్ళ నూనె, ఒకడు ఖర్జూరం. బరువు మించితే విమానాశ్రయంలో తీసి పారేస్తారు కనుక మంచం ఇనప పట్టీకి స్ప్రింగ్ కాంటా వేలాడదీసి తూస్తారు. ఆ కాంటా మా కాకది. కార్టన్ కట్టే విద్య కూడా ఆయనదే. పెట్టె మీద మోకాలు మోపి, నైలాన్ తాడు కొసను పళ్ళ మధ్య పట్టుకుని, నిలువుకు మూడు, అడ్డానికి మూడు చుట్లు చుట్టి, మూల మూలకు ముడి వేసి, ఆరు పక్కలా మార్కరుతో పేరు రాసేవాడు. ఆయన కట్టిన కార్టన్ పగిలిందన్న మాట నేను వినలేదు. ఈ ఒక్క విషయంలో అబద్ధం చెప్పలేను. అందుకే చుట్టుపక్కల నాలుగు బిల్డింగుల్లో మనవాళ్ళెవరు ఇంటికి వెళ్తున్నా ఆయన్ను పిలుచుకుపోయేవారు.

కట్టినందుకు పైసా ముట్టేవాడు కాదు. పెట్టె అడుగున ఒక మూట పెట్టేవాడు, అంతే.

కోరుట్ల ఆయన పెట్టెలో సైడు అద్దాలు వెళ్ళాయి. మెట్‌పల్లి పిలగాడి పెట్టెలో తలుపు పిడులు, కిటికీ తిప్పే మోటార్లు. ధర్మపురి ఆయన తల్లికని కొన్న దుప్పటి మడతలో వెనక లైట్లు. సీటును మూడు ముక్కలుగా విప్పి ముగ్గురితో పంపాడు. కాక తన బిడ్డ పెళ్ళికి తనే వచ్చాడు, ఇరవై ఎనిమిది రోజుల ఛుట్టీ మీద. పెళ్ళిచీరల మధ్య హెడ్‌లైట్లు పెట్టుకొచ్చాడు. ఆ ఇరవై ఎనిమిది రోజుల్లో ఆరు రోజులు సీటు గుడ్డకు సరిపోయే రంగు దారం కోసం కరీంనగర్ బజారు తిరిగాడు. పెళ్ళికొడుకు మొహం సరిగా చూశాడో లేదో కానీ, వాళ్ళు తెచ్చిన కారు టైర్లు మాత్రం వంగి చూశాడని చెప్పుకున్నారు.

నా వంతుకు డ్యాష్‌బోర్డు వచ్చింది. స్టీరింగు ముందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉండే పొడుగాటి పలక అది. మీటర్లు, ఏసీ కిటికీలు, అన్నీ దానికే ఉంటాయి. మా ఆవిడ రెండేళ్ళ నుంచి అడుగుతున్న మిక్సీ నేను కొని పెట్టుకున్నాను. కాక కాంటా చూశాడు, పెట్టె చూశాడు, జానతో కొలిచాడు, మిక్సీ తీసి నా మంచం మీద పెట్టాడు.

‘‘మిక్సీలు జగిత్యాలల దొరుకుతయిర. గిది దొరుకుతదా?’’ అన్నాడు.

ఎదురు చెప్పలేకపోయాను. ఆయన తాడు లేకుండా పెట్టె కట్టుకునే ధైర్యం నాకు లేదు. మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ ఎత్తుతుంది, అదీ నలుగురి ముందు.

శంషాబాద్‌లో కస్టమ్స్ అధికారి పెట్టె కోయించాడు.

‘‘ఏంటిది?’’

‘‘డ్యాష్‌బోర్డు సార్. కారుది.’’

‘‘కారేది?’’

‘‘వస్తంది సార్. జరంత జరంత.’’

ఆయన నా మొహం చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. పో అన్నట్టు చెయ్యి ఊపాడు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. పెట్టె చినిగిపోయింది కనుక జగిత్యాల దాకా బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చాను.

చిన్నమ్మ ఉండేది రెండు గదుల పెంకుటిల్లు. వడ్ల బస్తాలు అరుగు మీద ఉన్నాయి, కారు ముక్కలు గదిలో ఉన్నాయి. వెనక సీటును గోడకు ఆనించి పాత చీర కప్పింది. హెడ్‌లైట్లు దేవుని గూటి పక్కన పెట్టింది. ఒక్క ముక్క మీద దుమ్ము లేదు. డ్యాష్‌బోర్డును నా చేతుల్లోంచి తీసుకుని, కొంగుతో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తుడిచింది. తుడుస్తూనే అడిగింది.

‘‘ఆఖరుదేనా కొడుకా?’’

స్టీరింగు ఇంకా కువైట్‌లోనే ఉంది. ముందు సీట్లున్నాయి, బంపర్లున్నాయి. అదీ కాక మొన్ననే ఒక తలుపు పిడి మీద గీత పడిందని తుక్కు యార్డులన్నీ వెతికి అదే మోడలు బండి ఇంకొకటి పట్టుకుని, దానికున్న మంచి ముక్కలన్నీ విప్పుకొచ్చాడు. పని వెనక్కి నడుస్తోందన్నమాట. ఇదంతా ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

‘‘దగ్గరికొచ్చింది చిన్నమ్మా’’ అన్నాను.

‘‘మెట్‌పల్లి పిలగాడు గూడ గదే అన్నడు’’ అంది.

చాయ ఇచ్చింది. నేను లేచేటప్పుడు వాకిట్లోకి వచ్చి అంది: ‘‘గాయనకు ఒక్క మాట చెప్తవా. జగిత్యాల నుంచి మనూరికి దినానికి నాలుగు బస్సులున్నయి. ఏది ఎక్కినా ఇంటి ముంగటనే దింపుతడు. గా బస్సుల రమ్మను.’’

ఆ మాటను నేను డ్యాష్‌బోర్డు కంటే జాగ్రత్తగా మోసుకెళ్ళాను. నేను చెప్తున్నప్పుడు ఆయన ఇంకెవరిదో కార్టన్ కడుతున్నాడు. పళ్ళ మధ్య తాడు తీయకుండానే విన్నాడు. ముడి బిగించాక తాడు వదిలి అన్నాడు.

‘‘బస్సుల పోతె ఇజ్జత్ ఏముంటదిర? ఉత్త చేతులతోని పోయి ఉత్త చేతులతోని వచ్చిండంటరు.’’

‘‘ఎవలంటరు కాకా?’’

‘‘లోకం.’’

లోకానికి ఆయన వచ్చినా రాకపోయినా ఒకటే. రమ్మని అడుగుతున్నది ఒకే ఒక మనిషి. ఆమె మాట ఆయన చెవికి ఎక్కదు, ఇంజను చప్పుడు మాత్రం ఎక్కుతుంది. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం పోయింది. కాకా అని పిలవడం మాత్రం మానలేదు, ఎందుకంటే కార్టన్లు కట్టించుకోవాలి కదా.

తర్వాత నేను కువైట్ వదిలేసి మంచిర్యాలలో కరెంటు సామాన్ల దుకాణం పెట్టుకున్నాను. మరో మూడేళ్ళకు ఆయనా వచ్చాడు. కారు ముక్కలన్నీ చేరినందుకు కాదు. అరబ్బు ముసలాయన పోయాడు, కొడుకులు వీసా పొడిగించలేదు, అందుకు వచ్చాడు. మొత్తం పద్దెనిమిదేళ్ళు. ఊళ్ళో దిగిన నాలుగో రోజే ట్రాలీ ఆటోలో ముక్కలన్నీ వేసుకుని మంచిర్యాల పక్కనున్న నస్పూర్‌లో ఒక షెడ్డుకు చేరాడు. బొగ్గుబావి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఆయన షెడ్డు అది. కార్టన్లలో పట్టని కారు ఒళ్ళు, అంటే పై రేకంతా, ఇంజనుతో సహా కువైట్‌లోనే తుక్కైపోయింది. దాని బదులు ఒకప్పుడు మన దగ్గర పెద్ద ఆఫీసర్లు తిరిగిన పొడుగాటి పాత సెడాన్ ఒకటి కరీంనగర్‌లో తుప్పు పట్టి దొరికింది. ఇంజను ఒక పాత డీజిల్ జీపుది. ఆస్ట్రేలియా అంటే ఇక మిగిలింది లోపలి అలంకారం, అద్దాలు, లైట్లు. అయినా దాన్ని ఆయన ఆస్ట్రేలియా కారనే అన్నాడు, చచ్చేదాకా.

ఫిట్టరు ముక్కలన్నీ పట్టా మీద పరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగాడు. నేనూ అక్కడే ఉన్నాను, వైరింగు చూడమని పిలిస్తే వెళ్ళి.

‘‘కాకా, గీ మీటర్లు ఎడమ దిక్కున్నయేంది?’’ అన్నాడు.

మేమిద్దరం వంగి చూశాం. ఉన్నాయి. అరబ్బు దేశంలో బండ్లు రోడ్డుకు కుడి పక్కన పోతాయి, డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు. మీటర్లు, స్టీరింగు తొర్ర, అన్నీ ఎడమ వైపే. పద్దెనిమిదేళ్ళు ఎడమ పక్క కూర్చున్నవాడికి అదే లోకమైపోయింది. ఆయన సంగతి సరే, మోసిన ఇరవై మందిలో ఒక్కడికీ తట్టలేదు. డ్యాష్‌బోర్డును ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చిన నాకూ తట్టలేదు. ఆయన్ను తిట్టేటప్పుడు ఈ సంగతి నేను సాధారణంగా చెప్పను.

‘‘ఆస్ట్రేలియోళ్ళు మన లెక్కనే కుడి దిక్కు కూసొని నడుపుతరట గదా’’ అన్నాడు కాక, గొంతు తగ్గించి.

‘‘ఆళ్ళు నడుపుతరు. అరబ్బోనికి అమ్మేటందుకు ఎడమ దిక్కు పెట్టి పంపిండ్రు. నువ్వు మూటగట్టింది గది’’ అన్నాడు ఫిట్టరు. ‘‘ఫికర్ లేదు. డ్యాష్‌బోర్డు కోసి పారేస్త. మన స్టీరింగ్ మన దిక్కే పెడ్త. వారం పని.’’

‘‘కొయ్యద్దు.’’

‘‘కొయ్యకుంటె ఎట్ల కాకా?’’

‘‘స్టీరింగే గా దిక్కుకు జరుపు.’’

ఫిట్టరు బీడీ ముట్టించి, ‘‘నాకేంది. బండి నీది, పానం గూడ నీదే’’ అన్నాడు.

నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి గురించి విన్నాం. ఈయన నాడాకు సరిపోయేటట్టు గుర్రం కాలే తిప్పించాడు. ఎడమ పక్క స్టీరింగు ఉన్న పాత మిలిటరీ జీపు సామాను వెతికి తెచ్చి బిగించేసరికి వారం పని ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆయన షెడ్డులోనే ఉన్నాడు, అక్కడే పడుకున్నాడు. ఒక రోజు చిన్నమ్మ నా దుకాణానికి వచ్చింది. చేతిలో టిఫిను గిన్నె ఉంది. షెడ్డులో ఆయనకు అన్నం పెట్టి వస్తోంది.

‘‘ఎట్లున్నవు చిన్నమ్మా, కాక వచ్చిండు గదా ఇగ’’ అన్నాను, ఏదో అనాలని.

‘‘ఏం వచ్చిండు కొడుకా? కువైట్ నుంచి నస్పూర్ దాకనే వచ్చిండు. ఇంటికి ఇంక రాలే’’ అని బస్సు టైమవుతుందని వెళ్ళిపోయింది.

మొత్తానికి బండి తయారైంది. పైన పటారం, లోన లొటారం. వెల్వెట్ సీట్లు, కుచ్చులు, పరదాలు అన్నీ ఉన్నాయి, ముందు నుంచి మాత్రం పిండిగిర్ని చప్పుడు. కాక మొదటిసారి స్టార్ట్ చేసి, తల వంచి, వేలు లేపి, ‘‘ఇను’’ అన్నాడు. ఈసారి ఊళ్ళోవాళ్ళందరికీ వినిపించింది.

ఆసిఫాబాద్‌లో చిన్నమ్మ తమ్ముడి మనుమడికి తొట్టెల కార్యం పెట్టుకున్నారు. ఒట్టు తీర్చుకునే రోజు వచ్చింది కదా, కాక బయలుదేరాడు. మంచిర్యాలలో ఆగి నన్నూ ఎక్కించుకున్నాడు. నా మీద ప్రేమతో కాదు, బ్యాటరీ వైరు ఊడుతోంది కనుక. ఆయన ముందు ఎడమ వైపు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. చిన్నమ్మ ఆయన పక్కన, కుడి వైపు, మన బండ్లలో డ్రైవరు ఉండే చోట కూర్చుంది. ఆమె వెనక నేను. దారిలో జనం ఆగి చూశారు. స్టీరింగు లేకుండా, పట్టుచీర కట్టుకుని ఒక ఆడమనిషి కారు నడిపిస్తోందని వాళ్ళకు అనిపించి ఉండాలి.

మందమర్రి దగ్గర పోలీసు ఆపాడు. అలవాటు ప్రకారం కుడి కిటికీకి వచ్చి, ‘‘లైసెన్స్ తియ్యమ్మా’’ అన్నాడు.

‘‘నేను నడుపుతలే సారూ. సూస్తున్న’’ అంది చిన్నమ్మ.

ఆ పోలీసు లోపలికి వంగి అటు చూసి, ఇటు చూసి, మాకు కాదు, తనకే ఏదో అయిందన్నట్టు మొహం తుడుచుకుని పొమ్మన్నాడు.

ఆమె అన్నది నిజమే. అప్పటికి ఆ రోడ్డు నాలుగు లైన్లు కాలేదు. ముందు లారీ ఉంటే దాటాలి. దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో కనపడాలి. ఎడమ పక్క కూర్చున్న కాకకు లారీ వెనక తలుపు తప్ప ఏమీ కనిపించదు. మొదటిసారి చూడకుండానే ముక్కు బయటికి పెట్టాడు. ఎదురుగా ఆర్టీసీ బస్సు. ఎలా తప్పిందో దేవుడికే తెలియాలి. ఆ తర్వాత ఆయన గొంతు సవరించుకుని అన్నాడు.

‘‘ఏమే, ఏమన్న వస్తందా జర సూడు.’’

ఆయన ఆమెను ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. చిన్నమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, ‘‘ఆగు’’ అంది. ఆయన బ్రేకు తొక్కాడు. ‘‘ఇగ పో’’ అంది. ఆయన పోయాడు. మళ్ళీ ‘‘ఆగు’’, మళ్ళీ ‘‘పో’’. పద్దెనిమిదేళ్ళలో ఆమె చెప్పిన ఒక్క మాట వినని మనిషి, ఆ రోజు ఆమె చెప్పందే ఎడ్లబండిని కూడా దాటలేదు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను.

బెల్లంపల్లి దాటాక బొగ్గు లారీ తగిలింది. నిండు లోడు, సైకిలంత వేగం. పొడి ఎగిరి ఆయన మైనం రాసి రుద్దిన బానెట్ మీద పడుతోంది. ఆయన అడిగాడు, ఆమె చూసి ‘‘ఆగు’’ అంది. ఆగాడు. కాసేపటికి మళ్ళీ అడిగాడు. ‘‘ఆగు, వస్తంది’’ అంది. రోడ్డు చక్కగా, సూటిగా ఉంది. నేనూ కిటికీలోంచి తల పెట్టి చూశాను. కనుచూపు మేర ఒక్క బండి లేదు.

చిన్నమ్మ తల లోపలికి తీసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

‘‘పోయినేడు చిన్న బోరు ఎండింది. నీకు ఫోనుల చెప్పిన, గుర్తుందా?’’

‘‘ఊఁ’’ అన్నాడాయన, లారీ వంక చూస్తూ.

‘‘బిడ్డకు రెండో కాన్పు కష్టమాయె. కరీంనగర్ దవాఖానల మూడు దినాలు నేనొక్కదాన్నే ఉన్న.’’

‘‘ఊఁ. ఏమన్న వస్తందా?’’

ఆమె తల బయటపెట్టి చూసింది. ‘‘వస్తంది, ఆగు. మా అవ్వ పోయిన పొద్దు నీకు ఆరు మాట్ల ఫోన్ కొట్టిన. ఎత్తలే.’’

ఆయనకు ఎక్కడికీ పోవడానికి లేదు. ముందు లారీ, పక్కన ఆమె. తాండూరు వెళ్ళిపోయింది, రెబ్బెన వెళ్ళిపోయింది, ఆ లారీ వెనకే మేం. బోరు నుంచి మొదలై, కూలిన వెనక గోడ, పాము కరిచిన బర్రె, దాయాదులతో పొలం గెట్టు పంచాయితీ, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. మధ్యమధ్యలో ఖాళీ రోడ్డు చూసి ‘‘ఆగు’’ అంది. ఆయన ఆగాడు. మొదట్లో ఊఁ కొట్టాడు. తర్వాత ‘‘అట్లనా’’ అన్నాడు. గోడ సంగతి దగ్గర మాత్రం, ‘‘మరి ఎవలు కట్టిండ్రే?’’ అని అడిగాడు. ‘‘నేనే కట్టిన’’ అంది ఆమె.

ఆసిఫాబాద్‌లో దిగగానే కాక తువ్వాలు తీసి బానెట్ తుడవడంలో పడ్డాడు. జనం చుట్టూ చేరారు, ఆస్ట్రేలియా, ఆరు సిలిండర్లు అని మొదలుపెట్టాడు, లోపల ఉన్నది నాలుగు సిలిండర్ల జీపు ఇంజనని మరిచిపోయి. చిన్నమ్మ నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. నేను దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాను.

‘‘చిన్నమ్మా, లారెనుక ఉన్నప్పుడు రోడ్డు ఖాళీగనే ఉండె గదా. నేను చూసిన.’’

‘‘నేను గూడ చూసిన’’ అంది.

చెంబులో మిగిలిన నీళ్ళు పాదాల మీద పోసుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, అక్కడ ఆయన వైపు ఒకసారి చూసింది.

‘‘పద్దెనిమిదేండ్లు నేను ఆగలేదా కొడుకా? గాయన లారెనుక జరసేపు ఆగితె ఏమాయె?’’

తిరుగు ప్రయాణంలో నేను కావాలనే ఎడమ వైపుకు మారి, కాక సీటు వెనక కూర్చున్నాను. అక్కడి నుంచి ఎదుటి రోడ్డు కనిపించదు.